ఆదరువులు రోడ్డు దాటని ఆదివారం

అర్లీతా బాయ్‌కిన్ టర్కీ కోడిని ఏనాడూ పెద్దగా లెక్కచేయలేదు. థాంక్స్‌గివింగ్ పండుగనాడు బల్ల మధ్యలో అది దర్జాగా కూర్చుంటుంది గానీ, జనం మళ్ళీ పళ్ళెం పట్టుకుని లేచేది దాని చుట్టూ పెట్టిన ఆదరువుల కోసమేనని ఆమె నమ్మకం. "ఆ పక్షికి సొంత రుచెక్కడిది? మన గ్రేవీ పోస్తేనేగా గొంతు దిగేది" అనేది. ఏడాది పొడుగునా ఆ పక్షుల్ని కోసే చేతులు ఆమెవి. అందుకని ఆ మాట అనే హక్కు ఆమెకుందని మేమంతా ఒప్పుకునేవాళ్ళం.

మాది నార్త్ కరోలినాలో తూర్పు వైపు ఊరు. పొగాకు, చిలగడదుంపలు, టర్కీ కోళ్ళు, వీటి మీదే మా బతుకులు. అర్లీతా పసిపిల్లగా ఉండగానే తల్లి పోయింది. నాయనమ్మ పెంచింది. పొగాకు ఆకు కట్టే పనికి పెద్దవాళ్ళంతా వెళ్ళిపోతే, ఈ పిల్ల పీట ఎక్కి పొయ్యి ముందు నిలబడేది. కాలర్డ్ అనే ఆకుకూరని మంచు ఒకసారి కొరికాకే కోయాలని, పొగబెట్టిన పంది మెడ ఎముకతో మధ్యాహ్నమంతా సన్నటి మంట మీద ఉడకనివ్వాలని, దించబోయే ముందు మొక్కజొన్న పిండి బిళ్ళలు తట్టి ఆ ఆకు మీద పరచాలని ఆ నాయనమ్మే నేర్పింది. డ్రెస్సింగ్‌కి రొట్టె ముందురోజే కాల్చుకోవాలి. అది కాస్త ఎండితే చేత్తో నలిపి, ఉల్లిపాయ, సెలరీ, సేజ్ ఆకు వేసి, మాంసం ఉడికిన రసం పోసి, మళ్ళీ ఓవెన్లో పెట్టాలి. చిలగడదుంపల మీద ఎవరైనా తెల్లటి మిఠాయి ముక్కలు పరిస్తే అర్లీతా ఊరుకునేది కాదు. దుంప తీపి దుంపకు చాలదా అని మొహం మీదే అడిగేది.

పెళ్ళయ్యాక భర్త లెమ్యూల్ ఊళ్ళోని టర్కీ కంపెనీలో లారీ తోలడానికి కుదిరాడు. ఆమె ఆ కంపెనీ ఫ్యాక్టరీలోనే చేరింది. చల్లబరిచిన కోళ్ళు కొక్కేలకు వేలాడుతూ మా ముందు నుంచి సాగిపోతుంటాయి. మేం వరసగా నిలబడి రొమ్ము మాంసం కోసి తీస్తాం. ఆమె ఎడమ పక్కన నేను. నేను కొత్తగా చేరినప్పుడు కత్తి ఎలా పట్టాలో, మోచెయ్యి ఎక్కడ ఆనించుకోవాలో ఆమే చూపించింది. చూపిస్తూనే తిట్టింది కూడా. మెత్తటి మాట ఆమెకు చేతకాదు. నా కొడుక్కి జ్వరం వచ్చినప్పుడు గిన్నెడు పులుసు తెచ్చి గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయిన మనిషి.

ఒక ఏడాది మా చర్చి కప్పు బాగుచేయించడానికి కంపెనీ యజమాని మిస్టర్ స్ట్రౌడ్ రేకులు, కలప ఇచ్చాడు. పని అయిపోయిన రోజు ఆడవాళ్ళం అందరికీ వండిపెట్టాం. ఆయనా వచ్చి కూర్చున్నాడు. అర్లీతా కాలర్డ్ ఆకు తిని, డ్రెస్సింగ్ మళ్ళీ వేయించుకుని, ఇంత రుచి మా ఇంట్లో కూడా ఎరగనన్నాడు. ఆ శరదృతువులోనే కబురు పంపాడు: థాంక్స్‌గివింగ్‌కి ముందు ఆదివారం కంపెనీ హాల్లో విందు పెడుతున్నాను, టర్కీలు నావి, పక్క వంటలు మీ ఆడవాళ్ళు చేసి తేవాలి, మనమంతా ఒక కుటుంబం కదా అని.

అలా మొదలై అది ఏటేటా జరిగే తంతు అయిపోయింది. శనివారమంతా ఊళ్ళో ప్రతి ఓవెనూ కాలేది. కాలర్డ్, డ్రెస్సింగ్, చిలగడదుంపలు, మాకరోనీ చీజ్, వెన్న చిక్కుళ్ళు, బంగాళదుంప సలాడ్, అన్నీ తట్టల్లో సర్దుకుని మోసుకెళ్ళేవాళ్ళం. మిస్టర్ స్ట్రౌడ్ అన్నిటికన్నా పెద్ద టర్కీ వెనక కత్తి పట్టుకుని నిలబడితే పత్రికవాళ్ళు ఫోటో తీసేవారు. పిలిచిన పెద్దలు ముందు తినేవారు. మేం గరిటెలు పట్టుకుని వడ్డించేవాళ్ళం. ఫోటోలో ఎప్పుడూ మా మోచేతులే పడేవి. అయినా ఎవరం ఏమీ అనుకోలేదు. అర్లీతా కూడా అనుకోలేదు. తన ఆకుకూర కోసం రాజధాని నుంచి మనుషులు వస్తున్నారంటే ఆమెకూ లోలోపల గర్వంగానే ఉండేది.

మిస్ కోరీన్ సంగతితో అదంతా మారిపోయింది.

మిస్ కోరీన్ మా లైనులో అందరికన్నా పెద్దది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. పండుగ దగ్గరపడిందంటే లైను వేగం పెంచేస్తారు. పక్కకు తిరిగితే కోడి దాటిపోతుంది. మా మీద సూపర్‌వైజర్ డెల్బర్ట్, మిస్ కోరీన్ మనవడి వయసువాడు. ఎవరైనా బాత్రూముకి వెళ్ళాలంటే చెయ్యి ఎత్తి అతని అనుమతి తీసుకోవాలి. ఆ మంగళవారం మిస్ కోరీన్ చెయ్యి ఎత్తింది. ఆగమన్నాడు. కాసేపాగి మళ్ళీ ఎత్తింది. విరామం వచ్చేస్తోందిగా, అందాకా బిగబట్టుకో అన్నాడు. ఆవిడ ఇంక చెయ్యి ఎత్తలేదు. కత్తి ఆడిస్తూనే ఉంది. కొంతసేపటికి ఆవిడ రబ్బరు బూట్ల చుట్టూ నేల తడిసింది.

ఆ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఎవరూ చూడనట్టు ఊరుకుని ఉంటే సరిపోయేది. డెల్బర్ట్ చూశాడు, నవ్వాడు.

"పర్లేదులే కోరీన్, సాయంత్రం ఎలాగూ నేల కడుగుతారుగా" అన్నాడు, అందరికీ వినబడేలా.

మిస్ కోరీన్ తల ఎత్తలేదు. ఆవిడ పెదవులు మాత్రం కదులుతున్నాయి. అర్లీతా తన కత్తిని స్టీలు బల్ల మీద పెట్టింది. తన నడుముకున్న ఆప్రాన్ విప్పి, ఆవిడ వెనక్కి వెళ్ళి నడుం చుట్టూ కట్టింది. భుజం పట్టుకుని లైనులోంచి బయటికి నడిపించుకుపోయింది. కోళ్ళు కొయ్యకుండానే సాగిపోయాయి. అనుమతి లేకుండా కదిలితే ఉద్యోగం పోతుందని డెల్బర్ట్ వెనకనుంచి అరిచాడు. ఆమె ఆగలేదు, తిరిగి చూడనూ లేదు.

మర్నాడు మిస్ కోరీన్ పనికి రాలేదు. ఆ ఆదివారం చర్చికి కూడా రాలేదు. తలుపు తట్టినవాళ్ళతో లోపలినుంచే ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేసింది.

అర్లీతా ఆఫీసుకు వెళ్ళింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. మిస్టర్ స్ట్రౌడ్ లేచి కుర్చీ చూపించాడు. ఆయన కేకలు వేసే రకం కాదు. ఆమె ఒక్కటే అడిగింది. లైనుకి ఒక అదనపు మనిషిని పెట్టండి, ఎవరైనా బాత్రూముకి వెళ్తే ఆ చోట నిలబడడానికి, అంతే. ఆయన శ్రద్ధగా విన్నాడు. డెల్బర్ట్‌తో మాట్లాడతానన్నాడు. పండుగ హడావుడి తగ్గాక తీరిగ్గా చూద్దామన్నాడు. అంతలోనే మొహం విప్పారింది.

"అన్నట్టు అర్లీతా, ఈసారి కాలర్డ్ కాస్త ఎక్కువే చెయ్యి. రాజధాని నుంచి చాలామంది వస్తున్నారు. నీ ఆకు గురించి ఇప్పటికే చెప్పిపెట్టా."

అర్లీతా కుర్చీలోంచి లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది.

"ఈ ఏడు మీకు టర్కీ ఒక్కటేనండి, మిస్టర్ స్ట్రౌడ్" అంది.

ఆయన అది హాస్యమనుకుని నవ్వాడు.

ఆమె మాత్రం ఆ సాయంత్రం నుంచే ఇల్లిల్లూ తిరిగింది. చెప్పినంత తేలిగ్గా కాలేదు. ఆదరువులు వండడం ఉద్యోగంలో భాగం కాదు కదా, వండకపోతే ఏం చేస్తారు అని కొందరన్నారు. ఏం చెయ్యాలో వాళ్ళకి బాగా తెలుసు, నీకే తెలీదు అని మిగతావాళ్ళు. ఒకామె మొహం మీదే తలుపేసింది. ఇంట్లో లెమ్యూల్ అయితే మండిపడ్డాడు. విందుకి టర్కీలు మోసేదీ, కోసిన ముక్కలు వడ్డించేదీ అతనే.

"ఇద్దరం వాళ్ళ దగ్గరే పని చేస్తున్నాం, లీతా. ఒకే రోజు ఇద్దర్నీ ఇంటికి పంపితే ఏం తింటాం?"

"కాలర్డ్ తింటాం. పెరట్లో ఉంది."

అతను కోటు తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఇద్దరికీ మాటల్లేవు.

ఆమెది ఉత్త మొండితనమని మొదట్లో నేనూ అనుకున్నాను. వండకుండా ఇంట్లో కూర్చుంటే ఎవరికేం తెలుస్తుందని అడిగాను. అప్పుడు బయటపెట్టింది, తన మనసులో ఉన్నది అది కాదని. వండుదాం, ప్రతి ఏడూ వండినంతా వండుదాం, కానీ ఆ హాలుకి పంపొద్దు అంది. మనమే తిందాం. చర్చి హాలు ఇమ్మని మా పాస్టరు రెవరెండ్ మాసీని అడిగింది. ఆయన మంచివాడే. తలెత్తి ఆ కప్పు వైపు చూశాడు, తల దించుకున్నాడు, నన్ను ఇరుకున పెట్టొద్దు సిస్టర్ బాయ్‌కిన్ అన్నాడు. ఆమె వాదించలేదు. చర్చి మెట్లు దిగుతూ, అయితే మిస్ కోరీన్ వాకిట్లో పెడదాం అంది నాతో.

మిస్ కోరీన్ ఇల్లు కంపెనీ హాలుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి ఈవతల. హాలుకి వెళ్ళే ప్రతి కారూ ఆ వాకిలి ముందే మలుపు తిరగాలి.

మిస్ కోరీన్ ఒప్పుకోలేదు. తలుపు సందులోంచే వద్దంది. నలుగురి కళ్ళూ నా మీద పడాలా ఇంకా అంది. అర్లీతా ఆ తలుపు బయట మెట్టు మీద చాలాసేపు కూర్చుంది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. చివరికి ఆమె అన్న మాట నాకు వినపడింది.

"సిగ్గుపడాల్సింది మీరా, మిస్ కోరీన్? మీరు లోపల దాక్కుంటే వాడి నవ్వే మిగులుతుంది. మిమ్మల్ని ఏమీ చెయ్యమనట్లేదు. వాకిలి ఇవ్వండి. ప్రార్థన చెప్పండి. చాలు."

లోపల అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత గడియ తీసిన శబ్దం.

శనివారం ఊరంతా మళ్ళీ కాలర్డ్ వాసనే. ఎవరు వండుతున్నారో, వండినది ఎక్కడికి చేరుతుందో చివరిదాకా ఎవరికీ తెలీదు. ఆదివారం చర్చి వదిలాక అర్లీతా, నేను తలుపు పలకలు రాళ్ళ మీద వేసి బల్లలు చేశాం, దుప్పట్లు పరిచాం. మా ఇద్దరి తట్టలే ఉన్నాయి ముందు. రోడ్డవతల కార్లు వచ్చి ఆగుతున్నాయి. అంతలో ఒకామె మాకరోనీ తట్ట పట్టుకుని రోడ్డు మీద కనపడింది. హాలు వైపు చూసింది, మా వైపు చూసింది. మా వైపు మళ్ళింది. ఆమె వెనకే ఇంకొకామె, చిక్కుళ్ళ గిన్నెతో. అర్లీతా మొహం మీద తలుపేసిన ఆమె కూడా వచ్చింది, చిలగడదుంపలు పట్టుకుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా. అర్లీతా మూత తీసి చూసి, జాజికాయ కాస్త ఎక్కువైందే అంది. ఇద్దరూ నవ్వేశారు.

మిస్ కోరీన్ చర్చికి వెళ్ళేటప్పటి నీలం గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అందరం లేచి నిలబడ్డాం. ఆవిడ ప్రార్థన పెద్దది కాదు. ఈ ఆకుకీ, ఈ పిండికీ, వీటిని వండిన చేతులకీ దేవుడికి కృతజ్ఞత చెప్పింది. ఒక్క టర్కీ ముక్క లేని బల్ల అది. ఎవరూ ఆ లోటు మాట ఎత్తలేదు.

హాల్లో జరిగింది లెమ్యూల్ తర్వాత చెప్పాడు. నిగనిగలాడే టర్కీలు వరసగా ఉన్నాయట, వాటి పక్కన ఖాళీ బల్లలు. ఆఫీసు గుమాస్తా కారులో వెళ్ళి కొట్లో దొరికిన రొట్టె, డబ్బా చిక్కుళ్ళు తెచ్చాడట. ఫోటో తీశారు. పెద్దలు పొడి మాంసం ముక్క నోట్లో పెట్టుకుని నీళ్ళ కోసం చూశారు. కిటికీలు తెరిచి ఉన్నాయేమో, మా వాకిట్లోంచి వాసన నేరుగా లోపలికి వచ్చింది. రాజధానినుంచి వచ్చిన ఒకాయన, మీరు చెప్పిన ఆ ఆకుకూర ఏదండీ అని అమాయకంగా అడిగాడట. అప్పుడు లెమ్యూల్ చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టేసి, కిటికీలోంచి మా వైపు చూపించాడు. అదిగో అక్కడుంది సార్ అన్నాడు. చూపించినవాడు ఇంక అక్కడెందుకు నిలబడతాడు? రోడ్డు దాటి వచ్చేశాడు. భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె ఏమీ అడగకుండా అతని పళ్ళెంలో డ్రెస్సింగ్ వేసింది.

అతని వెనకే మిస్టర్ స్ట్రౌడ్ వచ్చాడు, ఒంటరిగా. ఆయన మొహం ఎర్రబడి ఉంది గానీ గొంతు మామూలుగానే ఉంది.

"అర్లీతా, నీకు నేనేం తక్కువ చేశాను?"

"అడిగింది చెయ్యలేదండి."

"అది మాట్లాడుకుందాం. రేపు. ఇప్పుడు అతిథులున్నారు. కాస్త ఆకు, ఒక తట్ట డ్రెస్సింగ్ పంపించు. నా పరువు నిలబెట్టు."

"నన్ను అడిగితే ఎలాగండి? ఈ ఇల్లు నాది కాదు. ఇంటావిణ్ణి అడగండి."

ఆయన మా మొహాలన్నీ చూశాడు, ఇంటావిడ ఎవరో తెలీక. ఆవిడ ఆయన ఫ్యాక్టరీ తెరిచిన కొత్తల్లో చేరిన మనిషి. ఆ వెతుకులాట మేమందరం చూశాం. చివరికి మిస్ కోరీన్ తనే లేచింది.

"నేనేనండి. కోరీన్‌ని. మీ లైనులో పనిచేస్తాను." బల్ల మీదున్న గరిటె అందుకుంది. "ఆకలేస్తే కూర్చోండి, వడ్డిస్తాం. ఎవరొచ్చినా పెడతాం. కానీ ఒక్క తట్ట కూడా రోడ్డు దాటదు."

ఆవిడ పక్కనే ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన దాని వంక చూశాడు. కూర్చుని ఉంటే ఆ రోజు ఎలా ముగిసేదో నేను చెప్పలేను. ఆయన కూర్చోలేదు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆయన అటు వెళ్తుండగా రెవరెండ్ మాసీ ఇటునుంచి వచ్చాడు, చర్చి కుర్చీలు రెండు చంకల్లో ఇరికించుకుని. కూర్చోడానికి చాలడం లేదని విన్నాను అన్నాడు, నేల చూస్తూ. ఎవరో జరిగి చోటిచ్చారు.

సోమవారం అర్లీతాను లైనులోంచి తీసేశారు. బతికున్న కోళ్ళని కాళ్ళు పట్టి పైకెత్తి కొక్కేలకు తగిలించే గదిలో వేశారు. అది మగవాళ్ళ పని. చీకటి, దుమ్ము, ఈకలు, రెక్కలతో మొహం మీద కొట్టే పక్షులు. పనిలోంచి తానే పోతుందని వాళ్ళ ఉద్దేశం. ఆమె పోలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని మర్నాడు కూడా వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది.

మిస్ కోరీన్ తన చోటికి తిరిగొచ్చింది. మొదటిరోజే చెయ్యి ఎత్తింది. డెల్బర్ట్ ఆగమన్నాడు. అప్పుడు నేను నా కత్తి బల్ల మీద పెట్టేశాను. ముందు అనుకున్నది కాదు. ఎందుకు పెట్టానో కూడా తెలీదు, చెయ్యి అలా వెళ్ళింది. నా అవతలి ఆమె పెట్టింది. ఒక్కొక్కటే స్టీలు మీద పెట్టిన కత్తుల చప్పుడు వరస చివరిదాకా పోయింది. కోళ్ళు అలాగే దాటిపోయాయి. మిస్ కోరీన్ నెమ్మదిగా నడిచి వెళ్ళింది, నెమ్మదిగా వచ్చింది. మేం కత్తులు తీసుకున్నాం. ఆ తర్వాత ఎవరిని ఆపినా అదే చేశాం. క్రిస్మస్ రాకముందే లైనుకి అదనపు మనిషిని పెట్టారు. ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అర్లీతాను మాత్రం తిరిగి రానివ్వలేదు. మరుసటి ఏడు శరదృతువులో ఆఫీసునుంచి కబురు పెట్టారు, విందుకి వండితే పాత చోటు ఇస్తామని. ఇక్కడే బాగుంది, కోళ్ళు నాతో మర్యాదగా ఉంటున్నాయి అని చెప్పి పంపింది. అది అబద్ధం. ఆమె కుడి భుజం అప్పటికే పాడైపోతోంది. ఇప్పుడు ఆ చెయ్యి చెవి దాటి లేవదు. కోపం వచ్చినప్పుడు కూడా ఆ చెయ్యి ఊపబోయి, నొప్పికి పళ్ళు బిగబట్టి, రెండో చెయ్యి ఊపుతుంది.

హోటలు వాళ్ళ చేత వండించి విందు కొన్నాళ్ళు నడిపారు. తర్వాత మానేశారు.

మిస్టర్ స్ట్రౌడ్ నిరుడు చలికాలంలో పోయాడు. ఆయన భార్య స్వయంగా ఫోన్ చేసింది, ఇంటికి వచ్చేవాళ్ళ కోసం అర్లీతా వంట చేసి పంపుతుందేమోనని. పంపను, తెస్తాను అంది అర్లీతా. చావు జరిగిన ఇంటికి అందరూ తలో గిన్నె తీసుకెళ్తారు, నేనూ తెస్తాను, అందరిలాగే. మేం ముగ్గురం వెళ్ళాం, ఆమె, మిస్ కోరీన్, నేను. గిన్నె నేను మోశాను. అర్లీతా వంటింటి తోవన కాకుండా ముందు గుమ్మం మెట్లెక్కి గంట నొక్కింది. పెద్ద కోడలు తలుపు తీసి ఎటు పంపాలో తోచక క్షణం నిలబడి, ఆనక పక్కకు తప్పుకుంది. మేం వాళ్ళ హాల్లో, వాళ్ళ సోఫా మీద కూర్చున్నాం. ఆ కోడలే మాకు పళ్ళేలు తెచ్చి వడ్డించింది. అర్లీతా పోయినాయన గురించి మర్యాదగా రెండు మాటలు చెప్పింది, అబద్ధం లేకుండా. చర్చి కప్పు ఇచ్చిన మాట చెప్పింది.

తిరిగొస్తుంటే కారులో మిస్ కోరీన్ చేతి రుమాలు మడత పెట్టుకుంటోంది. అర్లీతా మనసులో ఏదో బరువుగా ఉందనుకుని, ఏమాలోచిస్తున్నావని అడిగాను.

"వాళ్ళ మాకరోనీ" అంది. "పిడచ కట్టుకుపోయింది. పాలు పొయ్యడానికి చేతులు రాలేదు."